శుక్రకణానికి అదను తెలిపే కాల్షియం

ఫలదీకరణం అంటే శుక్రకణం, అండం కలవడమని ఇంటర్మీడియట్‌లోనే చదువుకుంటాం. నిర్వచనంలో తప్పేమీ లేదు గాని, అది మన మనస్సులో ఒక అపోహను మిగిల్చి పోతుంది. శుక్రకణం వృషణంలో తయారై బయటికి వచ్చేసరికే అన్ని విధాలా సిద్ధమై ఉంటుందనీ, ఇక అండాన్ని చేరుకోవడమే తరువాయి అనీ అనుకుంటాం. క్షీరదాల విషయంలో ఇది నిజం కాదు. తోక ఆడిస్తూ చురుగ్గా ఈదుతున్న శుక్రకణాన్ని తెచ్చి అండం పక్కనే వదిలినా అది లోపలికి పోలేదు. దానికి ముందుగా కొంత తయారీ కావాలి. ఆ తయారీలో అడుగడుగునా కనిపించే పదార్థం కాల్షియం.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు, పాలు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ కాల్షియం గురించి కాదు. ద్రవంలో కరిగి ఉండే కాల్షియం అయాన్ల గురించి. రైతుకు విత్తనం ఎంత ముఖ్యమో అదను అంత ముఖ్యం. శుక్రకణానికి కూడా అంతే. కాల్షియం ఎంత ఉన్నదన్న దానికన్నా, అది ఎప్పుడు లోపలికి వచ్చింది, ఏ చోట వచ్చింది అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ముందే వస్తే శుక్రకణం వృథా అవుతుంది. రాకపోతే ఎందుకూ కొరగాదు. ఈ సంగతి ఎలా తెలిసిందో, దాని వల్ల మనకేమి ప్రయోజనమో చూద్దాం.

రెండు ఖండాలు, ఒకే సమాధానం

1951లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే విషయాన్ని కనుగొన్నారు. ఒకరు ఆస్ట్రేలియాలో ఎలుకల మీద పనిచేస్తున్న ఆస్టిన్. మరొకరు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ ఫౌండేషన్‌లో కుందేళ్ళ మీద పనిచేస్తున్న చైనా దేశీయుడు చాంగ్. అండం విడుదల అయిన తరువాత శుక్రకణాలను నేరుగా అండవాహికలో ప్రవేశపెడితే ఫలదీకరణం జరగటం లేదు. అదే, అండం విడుదలకు కొన్ని గంటల ముందే ప్రవేశపెట్టి ఉంచితే జరుగుతున్నది. అంటే ఆ కొన్ని గంటలలో స్త్రీ జననేంద్రియ నాళంలో శుక్రకణానికి ఏదో జరుగుతున్నదన్నమాట. 1952లో ఆస్టిన్ ఈ మార్పుకు ‘కెపాసిటేషన్’ అని పేరు పెట్టాడు. యోగ్యత సంపాదించుకోవడం అని మనం చెప్పుకోవచ్చును.

ఈ చిన్న విషయం తెలియక పోవడం వల్లనే అంతకు ముందు దశాబ్దాల తరబడి పరీక్షనాళికలో ఫలదీకరణం చేయబోయిన ప్రయోగాలు నమ్మదగిన ఫలితాన్ని ఇవ్వలేదు. 1959లో చాంగ్, కుందేలు గర్భాశయంలో ముందుగా ఉంచి తీసిన శుక్రకణాలను వాడి, శరీరం వెలుపల ఫలదీకరణం జరిపి, ఆ పిండాల నుంచి కుందేలు పిల్లలు పుట్టేటట్లు చేశాడు. 1963లో చాంగ్ వద్ద పనిచేస్తున్న యానగిమాచి అనే జపాను శాస్త్రజ్ఞుడు హామ్‌స్టర్ శుక్రకణాలకు పూర్తిగా గాజు పాత్రలోనే యోగ్యత కల్పించవచ్చునని చూపాడు. 1969లో ఇంగ్లండులో ఎడ్వర్డ్స్, బావిస్టర్, స్టెప్టో మానవ అండం విషయంలో ఇదే దారిని పట్టుకున్నారు. 1978 జులై 25న లూయీ బ్రౌన్ అనే ఆడశిశువు పుట్టింది. ఈ పనికి ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

గాజు పాత్రలో పోసే ద్రావణంలో ఏమేమి ఉండాలి అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. శక్తి కోసం గ్లూకోజ్, పైరువేట్ వంటివి అవసరమే గాని, యోగ్యత కలిగించే మూడు ముఖ్య పదార్థాలు వేరు. అవి బైకార్బొనేట్, ఆల్బుమిన్ అనే ప్రొటీను, కాల్షియం.

కాల్షియమే ఎందుకు?

కణశాస్త్రంలో కాల్షియం ప్రాముఖ్యం మొదట తెలిసినది గుండె ద్వారా. 1883లో సిడ్నీ రింగర్ అనే ఆంగ్ల వైద్యుడు కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి పరీక్షించాడు. లండన్ కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె కొట్టుకున్నది. స్వేదనజలంతో చేసిన దానిలో త్వరలోనే ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాల్షియమే ఆ తేడాకు కారణం. మన ప్రయోగశాలల్లో ఇప్పటికీ వాడే రింగర్ ద్రావణం పేరు అలా వచ్చింది.

ప్రతి జీవకణమూ తనలోని కాల్షియం అయాన్లను ఎప్పటికప్పుడు బయటికి తోడిపోస్తూ ఉంటుంది. కణం వెలుపల వాటి గాఢత లోపలి కంటే సుమారు పదివేల రెట్లు ఎక్కువ. నిండు చెరువు గట్టుకు దిగువన ఉన్న ఎండు పొలాన్ని ఊహించుకోండి. తూము కొంచెం ఎత్తితే చాలు, నీరు దూకుతుంది. కణత్వచంలో ఒక ద్వారం క్షణకాలం తెరిస్తే చాలు, లోపలి కాల్షియం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలే కణానికి సంకేతం. కండరం ముడుచుకోవడం, నాడీకణం కబురు పంపడం కూడా ఈ పద్ధతిలోనే జరుగుతాయి.

శుక్రకణానికి ఇది మరీ అవసరం. కారణం ఏమిటంటే, మిగతా కణాల లాగా అది కేంద్రకంలోని జన్యువులను పనిచేయించి కొత్త ప్రొటీన్లు తయారు చేసుకోలేదు. దాని కేంద్రకం గట్టిగా బిగుసుకుని మూగబోయి ఉంటుంది. కణద్రవ్యం దాదాపు అంతా వదిలేసింది. బయలుదేరేటప్పుడు మూటగట్టుకున్న సామానుతోనే ప్రయాణం సాగాలి. కాబట్టి మారవలసిన ప్రతి మార్పూ ఉన్న ప్రొటీన్లను సవరించుకోవడం ద్వారా, అయాన్ల రాకపోకల ద్వారా జరగవలసిందే.

తయారీ ఎలా జరుగుతుంది?

మొదట త్వచం మారుతుంది. శుక్రకణపు పైపొరలో కొలెస్టరాల్ అధికంగా ఉండి దాన్ని గట్టిగా ఉంచుతుంది. ఆల్బుమిన్ ఈ కొలెస్టరాల్‌ను లాగివేస్తుంది. పొర మెత్తబడి, అయాన్ల రాకపోకలకు అనువుగా తయారవుతుంది.

రెండవది బైకార్బొనేట్ పని. ఎపిడిడిమిస్ చివరి భాగంలో బైకార్బొనేట్ తక్కువ. అందుకే శుక్రకణం అక్కడ ప్రశాంతంగా పడి ఉంటుంది. వీర్యంలోకీ, స్త్రీ నాళంలోకీ వచ్చాక బైకార్బొనేట్ లోపలికి చేరి ఒక ప్రత్యేకమైన ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైమునకు కాల్షియం కూడా ప్రేరకమే. రెండూ కలిసి సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థాన్ని పుట్టిస్తాయి. దాని వల్ల శుక్రకణంలోని అనేక ప్రొటీన్లకు ఫాస్ఫేట్ చేరుతుంది. తోక కొట్టుకునే తీరు మారడానికి ఇది పునాది.

మూడవది, కణం లోపలి ఆమ్లత్వం తగ్గి క్షారత్వం పెరుగుతుంది. పొటాషియం బయటికి పోవడంతో త్వచానికి ఇరువైపులా ఉన్న విద్యుద్భేదం కూడా పెరుగుతుంది. ఈ మార్పులతో కాల్షియం ద్వారం తెరుచుకోవడానికి రంగం సిద్ధమవుతుంది.

ఈ మొత్తానికి చిట్టెలుకలో గంట, గంటన్నర పడితే, మనిషిలో కొన్ని గంటలు పడుతుంది. మానవ శుక్రకణాలలో ఒక విశేషం ఉంది. అన్నీ ఒకేసారి సిద్ధం కావు. ఏ సమయంలో చూసినా కొద్ది భాగమే యోగ్యతతో ఉంటుంది. వాటి గడువు తీరేసరికి మరికొన్ని తయారవుతాయి. కాపలా మారినట్లు వంతులవారీగా నడుస్తుంది. అండం ఎప్పుడు విడుదలైనా సిద్ధంగా ఉన్నవి కొన్ని అందుబాటులో ఉండాలి గదా!

తోకలో ఉన్న తలుపు

శుక్రకణంలోకి కాల్షియం ఏ ద్వారం గుండా వస్తుంది? చాలాకాలం ఇది తేలలేదు. 2001లో అమెరికాలో క్లాపమ్ ప్రయోగశాలలో రెన్, ఆయన సహచరులు ‘కాట్‌స్పర్’ అనే ద్వారాన్ని కనుగొన్నారు. ఇది శుక్రకణపు తోకలో, ముఖ్య భాగపు త్వచంలో ఉంటుంది. ఈ జన్యువును తొలగించిన మగ చిట్టెలుకలు చూడడానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. వాటి శుక్రకణాల సంఖ్య మామూలే. కాని వాటికి ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. ఆడ చిట్టెలుకలకు ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ లేదు. మరో చక్కని పరీక్ష ఏమిటంటే, అండం చుట్టూ ఉన్న జోనా పెల్లూసిడా అనే పొరను తొలగించి ఇస్తే ఆ శుక్రకణాలు ఫలదీకరణం చేయగలిగాయి. అంటే లోపం కలిసే శక్తిలో లేదు, పొరను ఛేదించుకుపోయే బలంలో ఉంది.

ఈ బలాన్నే హైపర్ యాక్టివేషన్ అంటారు. సాధారణంగా శుక్రకణం తోకను ఇటూ అటూ సమంగా ఆడిస్తూ సూటిగా పోతుంది. తోకలో కాల్షియం పెరిగినప్పుడు తోక ఒక పక్కకు లోతుగా వంగి కొరడా ఝళిపించినట్లు కొడుతుంది. ఇలా కొట్టే శుక్రకణం గాజు పలక మీద పలుచని నీటిలో గుండ్రంగా తిరుగుతూ దారి తప్పినట్లు కనిపిస్తుంది. అండవాహికలోని చిక్కని ద్రవంలో మాత్రం ఆ కొట్టుడే దాన్ని ముందుకు తోస్తుంది. అంతేకాదు, అండవాహిక మొదటి భాగంలో శుక్రకణాలు గోడకు అతుక్కుని నిలవ ఉంటాయి. ఆ పట్టు విడిపించుకోవడానికి కూడా ఈ ఝళిపింపే సాయం.

ఆ తలుపును తట్టేది ఎవరు? 2011లో అమెరికాలోను, జర్మనీలోను రెండు బృందాలు ఒకేసారి సమాధానం చెప్పాయి. మానవ శుక్రకణంలో కాట్‌స్పర్‌ను తెరిపించేది ప్రొజెస్టెరోన్ అనే హార్మోను. దీన్ని అండం చుట్టూ ఉన్న క్యుములస్ కణాలు స్రవిస్తాయి. అంటే అండం దగ్గరపడుతున్నదన్న కబురు ఈ హార్మోను రూపంలో వస్తే, శుక్రకణం దాన్ని కాల్షియంగా చదువుకుంటుందన్నమాట.

ఆక్రోసోమ్ విచ్చుకోవడం

శుక్రకణం తల మీద టోపీ వలె ఆక్రోసోమ్ అనే సంచి ఉంటుంది. అందులో ఎంజైములు ఉంటాయి. కాల్షియం పెరిగినప్పుడు ఈ సంచి పొర, కణపు పైపొర ఒకదానితో ఒకటి అతుక్కుని చిల్లులు పడి, లోపలి పదార్థం బయటికి వస్తుంది. 1974లో యానగిమాచి, ఉసుయి గినీపిగ్ శుక్రకణాలను కాల్షియం లేని ద్రావణంలో గంటల తరబడి ఉంచారు. సంచి విచ్చుకోలేదు. కాల్షియం కలిపిన నిమిషాలలో చాలా వాటిలో విచ్చుకున్నది. యోగ్యత కొంతవరకు నిశ్శబ్దంగా పెరుగుతూ వస్తుందనీ, ఆఖరి మీట నొక్కేది కాల్షియమేననీ ఈ ప్రయోగం స్పష్టం చేసింది.

పాత పుస్తకాలలోని బొమ్మలో శుక్రకణం జోనాను తాకిన తరువాతనే ఆక్రోసోమ్ విచ్చుకున్నట్లు ఉంటుంది. చిట్టెలుకల విషయంలో 2011లో జరిగిన పరిశీలన ఈ బొమ్మను సవరించింది. ఫలదీకరణం జరిపిన శుక్రకణాలలో అధిక భాగం జోనాను తాకక ముందే ఆ మార్పును మొదలుపెట్టినట్లు తేలింది. పరీక్షలో బొమ్మ వేసే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆక్రోసోమ్ విచ్చుకోవడం వల్ల ఎంజైములు రావడమే గాక మరో ముఖ్యమైన పని జరుగుతుంది. లోపల దాగి ఉన్న ‘ఇజుమో’ అనే ప్రొటీను బయటపడుతుంది. అండం పైన ఉన్న ‘జూనో’ అనే ప్రొటీనుతో అది జత కలిస్తేనే రెండు కణాలూ ఏకమవుతాయి. 2005లో ఇజుమోను కనుగొన్న జపాను శాస్త్రజ్ఞులు దానికి పెళ్ళిళ్ళకు ప్రసిద్ధమైన తమ దేశపు ఆలయం పేరు పెట్టారు. 2014లో కనుగొన్న జూనోకు రోమనుల వివాహ దేవత పేరు దక్కింది.

పగ్గం హైదరాబాదులో దొరికింది

కాల్షియం రావడం ఎంత అవసరమో, అదనుకు ముందు రాకుండా ఆపడం అంతే అవసరం. ముందుగా విచ్చుకున్న ఆక్రోసోమ్ మళ్ళీ మూసుకోదు. ముందుగా ఝళిపించిన తోక త్వరగా అలసిపోతుంది. 1957లో చాంగే మరో సంగతి చూపాడు. యోగ్యత పొందిన శుక్రకణాలను తిరిగి వీర్యద్రవంలో ఉంచితే ఆ యోగ్యత పోతుంది. అంటే వీర్యద్రవంలో పగ్గం వేసే పదార్థాలు ఉన్నాయన్నమాట.

ఇక్కడ మన హైదరాబాదు ప్రసక్తి వస్తుంది. పుష్పమిత్ర భార్గవ బృందం ఎద్దు వీర్యద్రవం నుంచి సెమినల్‌ప్లాస్మిన్ అనే చిన్న ప్రొటీనును వేరు చేసింది. బాక్టీరియాను చంపగల దాని గుణాన్ని గురించిన పత్రం 1979లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అదే కాలంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో లార్డీ బృందం ఎద్దు వీర్యద్రవంలోనే మరో ప్రొటీనును గుర్తించింది. అది శుక్రకణంలోకి కాల్షియం పోకుండా అడ్డుకుంటున్నది. అందుచేత దానికి ‘కాల్ట్రిన్’ అని పేరు పెట్టారు. రెండు ఊళ్ళు, రెండు పేర్లు, రెండు పనులు. తీరా నిర్మాణం పోల్చి చూస్తే రెండూ ఒకటే! 1986లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు సెమినల్‌ప్లాస్మిన్, కాల్ట్రిన్ ఒకే ప్రొటీను అని ప్రకటించారు. సూక్ష్మక్రిముల నుంచి కాపాడే పదార్థమే కాల్షియం తలుపు దగ్గర కాపలా కూడా కాస్తున్నది. ఏ ప్రశ్నతో వెదికితే ఆ జవాబే దొరుకుతుందనడానికి నేను తరగతిలో ఈ ఉదాహరణ చెబుతుంటాను.

పాడిపశువుల దగ్గర

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అని కొందరికి అనిపించవచ్చు. మన పల్లెల్లో గేదెలకు, ఆవులకు చేసే కృత్రిమ గర్భోత్పత్తిని చూడండి. సన్నని గొట్టాలలో నింపిన వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల వద్ద నిలవ చేస్తారు. గడ్డకట్టించి కరిగించినప్పుడు శుక్రకణాల త్వచం దెబ్బ తింటుంది. కాల్షియం అదుపు లేకుండా లోపలికి జొరబడుతుంది. యోగ్యత పొందినప్పుడు కనిపించే మార్పులు వాటిలో అప్పుడే కనిపిస్తాయి. పైకి చూస్తే ఇది మేలే అనిపిస్తుంది. నిజానికి నష్టం. అప్పటికే గడియారం తిరగడం మొదలైంది కనుక వాటి ఆయుర్దాయం తగ్గిపోతుంది. ఎద లక్షణాలు తగ్గిన తరువాత గాని ఆవులో అండం విడుదల కాదు. అంతవరకు ఈ శుక్రకణాలు ఆగలేవు.

అందుకే ఉదయం ఎదకు వచ్చిన పశువుకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మర్నాడు ఉదయం వీర్యదానం చేయించాలని పశువైద్యులు చెప్పే మాటను తేలికగా తీసుకోకూడదు. గొట్టాన్ని 37 డిగ్రీల నీటిలో అరనిమిషం ఉంచి కరిగించాలి అనే నియమాన్ని కూడా అంతే. అరచేతిలో నలిపి కరిగించి, వీలున్నప్పుడు వేయించి, చూడి కట్టలేదని పశువును నిందించి ఏం లాభం?

మనుషుల దగ్గర

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. “అయితే మాస్టారూ, కాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుందా?” సరిపోదు. రక్తంలో కాల్షియం స్థాయిని పారాథైరాయిడ్ గ్రంథి చాలా తక్కువ తేడాలో నిలబెడుతుంది. మనం మింగిన మాత్ర శుక్రకణపు తోకలోని తలుపును తీయదు. తలుపు చెడితే బయట ఎంత కాల్షియం ఉన్నా ఫలం లేదు.

ఎక్కువైతే మేలన్నది కూడా నిజం కాదు. కాల్షియాన్ని బలవంతంగా లోపలికి చేరవేసే అయనోఫోర్ అనే పదార్థంలో చిట్టెలుక శుక్రకణాలను ఉంచితే కదలిక ఆగిపోతుంది. కాని 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, పది నిమిషాల తరువాత దాన్ని కడిగివేస్తే అవే శుక్రకణాలు లేచి తోక ఝళిపించి ఫలదీకరణం చేశాయి. 2016లో ఇదే ఉపాయంతో కాట్‌స్పర్ లేని చిట్టెలుకల శుక్రకణాల చేత కూడా గాజు పాత్రలో ఫలదీకరణం జరిపించారు. కాల్షియం రావాలి, పని చెప్పాలి, మళ్ళీ తగ్గాలి.

దీనికి మించిన విషయం ఒకటి ఉంది. పిల్లలు లేని జంటలలో దాదాపు సగం మంది విషయంలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. అయినా మన ఇళ్ళలో మొదటి వేలు కోడలి వైపే చూపిస్తుంది. ఆమెకు పరీక్షలు, ఆమెకు మొక్కులు, ఆమెకే మాటలు. మగవాడు పరీక్షకు పోడు. పోయినా సంఖ్య, కదలిక బాగున్నాయని కాగితం వస్తే ‘మావాడికేం లోపం లేదు’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. ఆ కాగితం చెప్పేది ఈత గురించి మాత్రమే. యోగ్యత గురించి కాదు. వీర్యపరీక్షలో అన్నీ మామూలుగా ఉన్నా కాట్‌స్పర్ పనిచేయని పురుషులు ఉన్నారని వైద్య పరిశోధనల్లో తేలింది. అటువంటి వారికి ఒక మార్గం ఉంది. 1992లో బెల్జియంలో విజయవంతమైన ఇక్సీ పద్ధతిలో ఒక శుక్రకణాన్ని సన్నని సూదితో నేరుగా అండంలోకి ఎక్కిస్తారు. ఈదనక్కరలేదు, ఛేదించనక్కరలేదు.

మరోవైపు, ఈ తలుపు శుక్రకణంలోనే ఉంటుంది గనుక, దాన్ని తాత్కాలికంగా మూసి ఉంచే మందు దొరికితే పురుషులకు హార్మోను లేని గర్భనిరోధక సాధనం కాగలదని పరిశోధనలు సాగుతున్నాయి. కుటుంబ నియంత్రణ భారం ఆడవారి మీదే పడిన మన దేశంలో ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

శుక్రకణం అండంలో చేరడంతో కాల్షియం కథ ముగిసిపోదు. శుక్రకణం తెచ్చిన ఒక ఎంజైము అండం లోపలి నిలవల నుంచి కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అది అలలు అలలుగా గంటల తరబడి లేస్తుంది. ఆ అలలతోనే అండం నిద్ర లేచి పిండంగా విభజన మొదలుపెడుతుంది. ఆ భాగం ఫైనలియర్ విద్యార్థులు పిండోత్పత్తి శాస్త్రంలో చదవబోతున్నారు. చదివేటప్పుడు అక్కడ కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలని నా సలహా: కాల్షియం ఎంత అని మాత్రమే గాక, ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని. బట్టీ పట్టిన నిర్వచనం పరీక్ష దాకా వస్తుంది. ఈ ప్రశ్న మాత్రం పశువుల ఆసుపత్రిలోనూ, పిల్లల కోసం ఎదురుచూసే ఇంటిలోనూ పనికి వస్తుంది.